రెండు పొరల గ్లాసు

జయప్రకాశ్‌కి భయాలెక్కువ. బ్యాంకులో మాత్రం దాన్ని ముందుచూపు అనేవారు. అప్పు కోసం వచ్చినవాడు తిరిగి కడతాడా లేదా అన్నది మిగతావాళ్ల బెంగ అయితే, వాడి గోడౌన్‌కి నిప్పంటుకుంటే మన గతేమిటి అన్నది ఇతని బెంగ. ఆ బెంగతోనే ఒంగోలు బ్రాంచి నుంచి కలకత్తా జోనల్ ఆఫీసు దాకా ఎక్కివచ్చాడు. ఇంట్లో టీవీ రిమోటుకి ప్లాస్టిక్ తొడుగు, ఫ్రిజ్ పిడికి గుడ్డ తొడుగు, సోఫాకి ఒక కవరు, ఆ కవరు మాసిపోకుండా దాని మీద ఇంకో కవరు. "నాకూ ఒకటి కుట్టించండి, దుమ్ము పడకుండా ఓ మూల కూర్చుంటాను" అనేది అతని భార్య భానుమతి.

ఆమె ఎక్కిన ఆటో కిందటేడు ఖిదిర్‌పూర్ దగ్గర బోల్తాపడింది. ప్రాణానికేం కాలేదు గానీ మోకాలు నుజ్జయింది. ఆ రోజు నుంచి జయప్రకాశ్ మనసు మనసులో లేదు. భార్యని మళ్లీ ఆటో ఎక్కనివ్వనని ఒట్టేసుకుని, కార్లని గోడకేసి గుద్దించే పరీక్షల వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. బండి నుగ్గయ్యాక లోపలి బొమ్మ తల ఎటు వాలిందీ, మెడ ఎంత వంగిందీ ఆపి ఆపి చూసేవాడు. "ఆ బొమ్మని చూసినంత శ్రద్ధగా నన్నెప్పుడైనా చూశారా?" అని భానుమతి ఆటపట్టించేది. ఆమె కోసమే చూస్తున్నాడని ఆమెకీ తెలుసు.

చివరికి ఒక విదేశీ కంపెనీవాళ్ల పెద్ద ఎస్‌యూవీ కొన్నాడు. పూర్తిగా కరెంటు మీద నడిచేది. దాంట్లో చేత్తో చేసే పనంటూ ఏదీ లేదు. మనిషి దగ్గరికెళ్తే తలుపు పిడులు వాటంతటవే బయటికొస్తాయి, దూరం జరిగితే లోపలికి పోతాయి. తలుపులు మీటతో తెరుచుకుంటాయి. కిటికీలకి రెండు పొరల గ్లాసు, బయట లారీ హారన్ కొట్టినా లోపల వినపడదు, దొంగ ఇటుక విసిరినా పగలదు. బండి ఇచ్చేరోజు షోరూమ్ కుర్రాడు వెనక తలుపు జేబు అడుగున చిన్న మూత తీసి, లోపలున్న ఎర్ర తాడు చూపించాడు. ఎప్పుడైనా కరెంటు పోతే ఇది లాగాలి సార్, తలుపు తెరుచుకుంటుంది అన్నాడు. జయప్రకాశ్ అతనిచేత రెండోసారి కూడా చూపించుకున్నాడు.

అంత చూసుకున్నవాడు వారం తిరక్కుండా ఆ మూత మీద కవరు కుట్టించాడు. తెల్లటి తోలు సీట్లు, తెల్లటి తలుపులు మాసిపోతాయని బెంగ. డ్రైవర్ కూర్మయ్య మెటియాబ్రుజ్ నుంచి ఒక ముసలి దర్జీని తీసుకొచ్చాడు. ఆయన సీట్లకీ తలుపులకీ కొలతలు తీసుకుని గోధుమరంగు రెగ్జిన్ తొడుగులు కుట్టుకొచ్చి, మిషను పట్టని చోట్ల బండిలోనే కూర్చుని చేత్తో గొలుసుకుట్టు వేశాడు. తలుపు జేబు దగ్గరికొచ్చేసరికి వేలితో ఆ మూత మీద తట్టి, "యహాఁ థోడా ఖులా రఖూఁ, సాబ్?" అని, ఇక్కడ కాస్త ఖాళీ వదలనా అని అడిగాడు. "ఎక్కడా ఖాళీ వద్దు, నీళ్ల సీసా కారితే తడి లోపలికి పోతుంది" అన్నాడు జయప్రకాశ్. ఆ మాట అన్నప్పుడు ఎర్ర తాడు అతనికి గుర్తే రాలేదు. భయాలు మరీ ఎక్కువైతే ఒక భయం ఇంకోదాన్ని కప్పేస్తుంది కాబోలు.

భానుమతికి ఏక్‌బాల్‌పూర్ ఆసుపత్రిలో మోకాలు మార్పిడి ఆపరేషన్ చేశారు. ఇంటికి పంపించిన రోజు తెల్లారినప్పటి నుంచీ ఒకటే వాన.

"తగ్గాక వెళ్దామండీ. కావాలంటే రేపు వెళ్దాం. తొందరేముంది?" అంది భానుమతి.

"ఆసుపత్రిలో ఉన్నకొద్దీ ఇన్‌ఫెక్షన్ భయం. మన బండికి వానేమిటి? నీళ్లలో నడిపి మరీ పరీక్ష చేశారు దాన్ని."

ఆమెని వెనక సీటులో కుడి తలుపుకి ఆనించి కూర్చోబెట్టి, కట్టుకట్టిన కాలు సీటు పొడుగునా చాపించి, కింద తలగడ పెట్టారు. ఆమె ఫోనూ గాజులూ ఆసుపత్రి వాళ్లిచ్చిన సంచిలోనే ఉండిపోయాయి. ఆ సంచి జయప్రకాశ్ భుజానికి ఉంది. అతను ముందు సీటులో, కూర్మయ్య పక్కన కూర్చున్నాడు. కూర్మయ్య వాట్‌గంజ్‌లోనే పుట్టి పెరిగాడు. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి ఓడల డాకులో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు.

ఇంటికెళ్లే బేహాలా వైపు పెద్ద రోడ్డంతా నిండిపోయింది, బస్సులు కదలడం లేదు. బండి తెర మీద ఎడమకి ఒక నీలం గీత కనపడింది, డాకు గోడ పక్కనుంచి పోయే సందు.

"ఇటు పల్లం సార్," అన్నాడు కూర్మయ్య. "గంగ పోటు మీదుంటే కాలవ గేట్లు మూసేత్తారు. ఈ నీరెటూ పోదు. ఇక్కడే నిలిసిపోతాది."

"బండికి తెలియదా? ఖాళీ ఉంది కాబట్టే చూపిస్తోంది."

ఖాళీగానే ఉంది. అటు ఎవడూ వెళ్లడం లేదు కాబట్టి ఖాళీగా ఉంది. సగం దూరం వెళ్లాక నీళ్లు చక్రాలు దాటాయి. తెర మీద పసుపు గుర్తులొచ్చాయి, ఆ వెంటనే ఎరుపు గుర్తులు. బండి ఒకసారి మూలిగి సందు మధ్యలో ఆగిపోయింది. ఎడమ పక్క ఎత్తు అరుగు మీద ఒక టీ కొట్టు, వాన తప్పించుకుంటూ అక్కడ నిలబడిన పదిమంది. కుడి పక్క నాచుపట్టిన డాకు గోడ.

"ఎనక్కి తోసేద్దాం సార్. మీరూ ఓ సెయ్యెయ్యండి," అని కూర్మయ్య దిగి తలుపు మూశాడు.

"ఒక్క నిమిషం భానూ," అని జయప్రకాశ్ కూడా దిగాడు. నీళ్లు లోపలికి రాకుండా తలుపు జాగ్రత్తగా మూశాడు. తాళంచెవి లోపలే, కప్పు పెట్టుకునే గుంటలో ఉంది.

ఇద్దరూ కలిసి తోస్తే బండి జానెడు కూడా కదల్లేదు. రెండోసారి భుజం ఆనిస్తుండగా దీపాలన్నీ ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. తెర నల్లబడింది. తలుపు పిడులు మెల్లగా లోపలికి పోయాయి. జయప్రకాశ్ ముందు తలుపు మీద అరచెయ్యి రాశాడు. నున్నగా ఉంది, వేలు దూరే సందు లేదు. వెనక తలుపూ అంతే. డిక్కీ కూడా అంతే. లోపల భానుమతి మీట నొక్కుతోంది. మళ్లీ నొక్కుతోంది. ఏమిటండీ అన్నట్టు చెయ్యి తిప్పింది. పెదాలు కదులుతున్నాయి గానీ మాట బయటికి రావడం లేదు.

అప్పుడు బండి కింద నుంచి బుడగలు వచ్చాయి. ఉడుకుతున్న నీళ్లలోంచి వచ్చినట్టు గుంపులు గుంపులుగా, వాటితోపాటు వైరు కాలిన వాసన.

"దాదా, హాత్ దేబెన్ నా! కారెంట్ ఆఛే!" అని టీ కొట్టు మీంచి ఎవరో అరిచారు. దాంతో మిగతావాళ్లూ అందుకున్నారు. కూర్మయ్య జయప్రకాశ్ జబ్బ పట్టుకుని ఈడ్చుకుపోయి అరుగు ఎక్కించాడు.

"ముట్టుకోకండి సార్. కరెంటు బండది, నీట్లో ఉంది. మొన్న వానకి మా ఈదిలో స్తంభం ముట్టుకుని ఒకడు పోనాడు. నా కళ్లతో సూసేను. ఆడ్ని లాగడానికెళ్లినోడూ పోనాడు."

"అమ్మగారు లోపలున్నారు కూర్మయ్యా."

"తెలుసు సార్," అన్నాడు కూర్మయ్య. ఇంట్లో అతనికీ పెళ్లాం అప్పలలక్ష్మి ఉంది, పిల్లలున్నారు.

కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే పాట వినిపించింది. ఫైరింజను వాళ్లు ఊరంతా నీళ్లేనని, వీలు చూసుకుని వస్తామని అన్నారు. కొట్టు అరుగు మీంచి ఒకతను ఇటుక తీసుకుని ముందు కిటికీకేసి బలంగా విసిరాడు. గ్లాసు మీద సాలెగూడులా పగుళ్లు వచ్చాయి, అంతే. ఇంకో ఇటుక విసిరితే అది తగిలి నీళ్లలో పడింది. దొంగ కూడా లోపలికి రాలేని బండి కావాలని ఏరి కోరి కొన్నాడు కదా, ఇప్పుడు తనే దొంగలా బయట నిలబడ్డాడు.

లోపల నీళ్లు కనపడ్డాయి. మొదట కింద మ్యాట్ల మీద నల్లగా మెరిశాయి. చూస్తుండగానే సీటు అంచు దాకా వచ్చాయి. భానుమతి కాలు కింద తలగడ సర్దుకుంటోంది, తడవకుండా పైకి పైకి లాక్కుంటోంది. ఆపరేషన్ చేసిన కాలు వంచలేదు, ముందు సీటు మీదికి పాకలేదు. ఎదురుగా ఉన్న ఎడమ తలుపు కాలి చివర ఉంది, దానికి చెయ్యి అందదు. వీపు వెనక ఉన్న కుడి తలుపు ఒక్కటే ఆమెకి అందుతుంది. ఆ తలుపు జేబు అడుగున, తను కుట్టించిన రెగ్జిన్ కింద, ఎర్ర తాడు ఉంది.

ఆ తాడు జయప్రకాశ్‌కి ఇప్పుడు గుర్తొచ్చింది. ఆమెకి తాడు సంగతి తెలియదు. ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కణ్ణుంచి ఎంత అరిచినా వినపడదు. దగ్గరికి వెళ్లాలి. కుడి పక్కకి, గోడ వైపు, నీళ్లు ఇంకా లోతున్న వైపు వెళ్లి, గ్లాసు కొట్టి, ఆమెని అటు తిప్పి చూపించాలి.

నీళ్లలో ఉన్నా ఆ బండి కరెంటు బయటికి రాదు. ఈ మాట అతను ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. ఆఫీసులో చెప్పాడు, అపార్ట్‌మెంటు సెక్రటరీకి చెప్పాడు, ఆఖరికి ఆపరేషన్ చేసిన డాక్టరుకి కూడా చెప్పాడు. నీరు తగలగానే బ్యాటరీకి లింకు దానంతటదే తెగిపోతుందని పుస్తకంలో రాసి ఉంది. అంతా చదివాడు, అంతా నమ్మాడు. ఇప్పుడు ఆ నమ్మకం మీద ఒక్క చెయ్యి పెట్టాలి. ఆ చెయ్యి లేవలేదు.

అరుగు చివర నిలబడి బుడగల్నే చూస్తున్నాడు. అడుగు వెయ్యి, అడుగు వెయ్యి అని తనకి తనే చెప్పుకుంటున్నాడు. కాళ్లు వినడం లేదు. కంపెనీ వాళ్లు రాసింది నిజమే అయితే? కాకపోతే? ఇద్దరమూ పోతే? ఫైరింజను వాళ్లు ఈలోగా వచ్చేస్తే? బ్యాంకులో ఇన్నేళ్లూ అన్నం పెట్టిన ఆలోచనలన్నీ వరసగా వచ్చి అతని ముందు నిలబడ్డాయి.

భానుమతి మీట నొక్కడం మానేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుని అతన్నే చూస్తోంది. పిలవడం లేదు, ఏడవడం లేదు. ఈ మనిషి వస్తాడా రాడా అని చూస్తోంది, అంతే. ఇన్నేళ్ల కాపురంలో ఆమె తనని అలా చూడగా అతను చూడలేదు.

ఇంతలో తలగడ తేలింది. దాని మీద నుంచి కాలు జారి నీళ్లలో పడింది. బాధకి భానుమతి నోరు తెరుచుకుంది, ఆ కేక కూడా బయటికి రాలేదు.

జయప్రకాశ్ నీళ్లలోకి దూకాడు. కూర్మయ్య చొక్కా పట్టుకున్నాడు గానీ అది చేతిలోంచి జారిపోయింది. నడుం లోతు నీళ్లలో బండి వెనక నుంచి చుట్టు తిరిగి గోడ వైపుకి వెళ్లాడు. కళ్లు మూసుకుని కుడి తలుపు మీద చెయ్యి వేశాడు.

ఏమీ కాలేదు. చల్లటి ఇనుము, అంతే. ఒక్క క్షణం ఆ తలుపునే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత రెండు చేతులతో గ్లాసు బాదాడు.

భానుమతి మెడ తిప్పి చూసింది. అతను కిందికి చూపించాడు. ఆమె కాలు చూసుకుంది. కాదు కాదు అని తల ఊపి తలుపు అడుగు చూపించాడు. జేబు, కవరు, తాడు అని నోటితో ఒక్కో మాటా విడదీసి అన్నాడు. ఆమె అర్థంకాక తల అడ్డంగా ఊపింది. గోళ్లతో పీకినట్టు చేసి చూపించాడు. ఆమె జేబులో చెయ్యి పెట్టి నీళ్ల సీసా తీసి చూపించింది. జయప్రకాశ్‌కి ఏడుపొచ్చింది.

బియ్యం బస్తా గుర్తొచ్చింది, దాని మూతికీ గొలుసుకుట్టే. తెలుగు కొట్టు నుంచి సోనామసూరి బస్తా వచ్చినప్పుడల్లా మూతి దారం ఎటు లాగాలో తెలియక అతను కత్తి పట్టుకుంటాడు. భానుమతి వచ్చి, తప్పుకోండి అని, సరైన కొస పట్టుకుని ఒక్క లాగు లాగుతుంది. సర్రున కుట్టంతా ఊడిపోతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ కొస ఏదో అతనికి పట్టుబడదు. ఎడమచెయ్యి బస్తా మూతిలా పట్టి, కుడిచేత్తో దారం కొస పట్టుకుని సర్రున ఇటు చివర నుంచి అటు చివరకి లాగి చూపించాడు. మళ్లీ చూపించాడు. ఆ వెంటనే జేబు అడుగు వైపు వేలు పెట్టాడు.

భానుమతి కళ్లు పెద్దవయ్యాయి. ఒళ్లు మెలితిప్పి, చెయ్యి నీళ్లలోకి భుజం దాకా దించింది. వేళ్లతో తడుముతోంది. నొప్పికి మొహం ఒకటే ముడుచుకుపోతోంది. గ్లాసుకి ఇవతల జయప్రకాశ్ మొహం ఆనించి నిలబడ్డాడు. అతని రొమ్ము దాకా వచ్చాయి నీళ్లు. ఆమె భుజం ఒక్కసారి కుదిపినట్టు లేచింది. చేతిలో పొడుగ్గా తడి దారం. రెగ్జిన్ ముక్క నీళ్ల మీద తేలింది. మూత తీసి లోపలి తాడు లాగమన్నట్టు అతను సైగ చేశాడు. ఆమె చెయ్యి మళ్లీ లోపలికి పోయింది. ఈసారి చాలాసేపు లోపలే ఉండిపోయింది.

తలుపు లోపల ఏదో టక్కున కదిలింది. వినపడలేదు, అరచేతికి తెలిసింది. సన్నటి సందులోకి అతను వేళ్లు దూర్చి లాగాడు. బయటి నీళ్ల బరువుకి తలుపు రాలేదు. "కూర్మయ్యా!" అని అరిచాడు. చూస్తే కూర్మయ్య అప్పటికే పక్కన ఉన్నాడు. టీ కొట్టు వాళ్లు ఇద్దరు కూడా దిగి వస్తున్నారు. అంతమందీ కలిసి లాగితే తలుపు మూరెడు తెరుచుకుంది. నీళ్లు హోరున లోపలికి పోయాయి, భానుమతి వెనక్కి వాలి జయప్రకాశ్ చేతుల్లో పడింది. కూర్మయ్య ఆ కాలు ఎత్తిపట్టుకుని, కదపకండి సార్, కదపకండి అంటూ అరుగు దాకా అలాగే నడిచాడు.

కొట్టు బల్ల మీద ఆమెని పడుకోబెట్టి, కొట్టతను ఇచ్చిన దుప్పటి కప్పారు. కట్టు తడిసి ఎర్రబడింది. తిరిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అంబులెన్సు ఈ సందులోకి రాదు కాబట్టి కూర్మయ్య వ్యాన్ రిక్షా కోసం, అంటే సామాన్లు మోసే చెక్క తొక్కుడు బండి కోసం పరుగెత్తాడు.

జయప్రకాశ్ ఆమె పక్కన కూర్చుని ఆపకుండా మాట్లాడుతున్నాడు. "కంపెనీని వదలను. మామూలు పిడి ఒక్కటి పెడితే వాళ్ల సొమ్మేం పోయింది? కరెంటు పోతే మనిషి లోపల చావాల్సిందేనా? వాళ్ల పరీక్షలూ వాళ్ల స్టార్లూ! కవరు సంగతి వేరు, అది నేను కుట్టించిందే, ఒప్పుకుంటాను, కానీ—"

"చాలాసేపు నిలబడ్డారు," అంది భానుమతి.

టీ కొట్టతను గ్లాసులు కడగడం ఆపి, మళ్లీ మొదలుపెట్టాడు. వీళ్ల తెలుగు అతనికి రాదు.

"భయమేసింది భానూ," అన్నాడు జయప్రకాశ్.

"తెలుసు. కనపడింది." ఆమె కొట్టు పైకప్పు రేకులకేసి చూస్తూ చెప్పింది. "మీరు నీళ్లలో దిగి వెనక్కి వెళ్లారే, అప్పుడు మీరు నాకు కనపడలేదు. వెళ్లిపోయారనుకున్నాను. పోనీలే, ఆయనకి భయం, ఒడ్డున ఆయనైనా ఉంటారు అనుకున్నాను. కోపం కూడా రాలేదు నాకు. గ్లాసు మీద చప్పుడయ్యేదాకా అలాగే అనుకుంటూ ఉన్నాను."

తిట్టినా బాగుండేది. ఆమె కోసం ప్రపంచంలో ఉన్న ప్రమాదాలన్నీ కనిపెట్టి కూర్చున్నాడు. తను రాకపోవడం కూడా ఒక ప్రమాదమేనని, దానికి ఆమె ఎప్పుడో సిద్ధపడి ఉందని అతనికి తట్టలేదు. సిగ్గుతో తల దించుకుని తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

కూర్మయ్య వ్యాన్ రిక్షా తీసుకొచ్చాడు. రిక్షా చెక్క బాగా ఎత్తుగా ఉంది. అరుగు చివరి నుంచి దాని మీదికి మనిషిని చేతుల మీద అందించాలి, మధ్యలో పారుతున్న నీళ్లు. "సార్, మీరు నడుం కింద పట్టుకోండి, నాను కాలు సూసుకుంటాను," అన్నాడు కూర్మయ్య.

జయప్రకాశ్ లేచాడు. చేతులు చాచి, ఎక్కడ పట్టుకుంటే నొప్పి పెడుతుందో, ఎక్కడ పట్టుకుంటే జారుతుందో అని ఆమె ఒంటికేసి చూస్తూ నిలబడిపోయాడు. తనకి పట్టుకునే హక్కు మిగిలిందా అని కూడా అనుమానం వచ్చింది.

భానుమతి దుప్పట్లోంచి చెయ్యి తీసి అతని మెడ చుట్టూ వేసింది.

"ఈసారి ఆలోచించకుండా ఎత్తండి," అంది.